సినగాగ్ కి రమ్మని పిలిచారా, పులిహోర మాత్రం తీసుకెళ్ళకండి

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఓక్ ట్రీ రోడ్డు తెలిసినంతగా పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ తెలీదు. రట్గర్స్ యూనివర్సిటీలో చదివిన పిల్లలకైతే రారిటన్ నది మీద బ్రిడ్జి దాటగానే వచ్చే ఊరని గుర్తుంటుందేమో. శనివారం పొద్దున ఆ ఊళ్ళోంచి వెళ్తే సూట్లు వేసుకుని నడినెత్తిన చిన్న టోపీలు పెట్టుకుని స్ట్రోలర్లు తోసుకుంటూ యూదు కుటుంబాలకి కుటుంబాలు నడుచుకుంటూ కనపడతాయి, ఒక్కళ్ళూ కారు తియ్యరు. నేను అక్కడ అద్దెకి దిగి మూడేళ్ళయింది. మా పక్కింట్లో రిటైరైన టీచర్ ఒకావిడ ఉంటుంది, ఆవిడ పుణ్యాన శుక్రవారం భోజనాలకీ, సినగాగ్ లో, అంటే యూదుల గుళ్ళో, ప్రార్థనలకీ, క్లాసులకీ వెళ్ళడం అలవాటైంది. ఈమధ్య మా ఆఫీసులో, మా అపార్ట్మెంట్ల వాట్సాప్ గ్రూపులో "మా కొలీగ్ రమ్మన్నాడు, వెళ్ళొచ్చా, ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్ళాలి" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ప్రతిసారీ విడివిడిగా చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే గొడవ వదిలిపోతుందని ఇది రాస్తున్నా. నేను పండితురాల్నేం కాదు, ఇందులో సగం నేను తప్పులు చేసి నేర్చుకున్నవే.

మొదటి తప్పు పులిహోర. మొదటిసారి శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచారు, ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం, పొద్దున్నే చింతపండు పులుసు ఉడికించి జీడిపప్పు దండిగా వేసి పెద్ద స్టీలు డబ్బా నిండా చేశా. వెజిటేరియనే కదా, మాంసం గొడవ లేదు కదా అనుకున్నా. ఆవిడ నవ్వుతూ తీసుకుంది, ఒక్కసారి మూత తీసి వాసన చూసి "ఆహా" అంది, మళ్ళీ మూత పెట్టేసి వంటింట్లో కాదు, గుమ్మం పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టింది. భోజనం అయిపోయింది, ఆ డబ్బా అక్కడే ఉంది. వెళ్ళేటప్పుడు నా చేతికిచ్చి అప్పుడు చెప్పింది. కోషర్ అనే వాళ్ళ తిండి నియమంలో ఏం వండాం అన్నదొక్కటే కాదు, ఏ గిన్నెలో వండాం, ఆ గిన్నెలో ఇంతకుముందు ఏం వండారు అన్నది కూడా లెక్కేనట. మాంసం, పాలు వాళ్ళు కలపరు, మా గిన్నెల్లోనేమో కోడికూర వండుతాం, పెరుగూ తోడెడతాం, కాబట్టి ఆ గిన్నెలో వండిన పులిహోర ఎంత శాకాహారమైనా వాళ్ళకి పనికిరాదు. మా అమ్మమ్మ మడి వంటగది గుర్తొచ్చింది, ఆవిడ కూడా బయటివాళ్ళు తెచ్చింది ఇలాగే చాలా మర్యాదగా పక్కన పెట్టేది.

కాబట్టి ఏం తీసుకెళ్ళాలంటే, కోయని పండ్లు పట్టుకెళ్ళండి, దాంట్లో ఏ పేచీ ఉండదు. లేకపోతే షాపులో కొన్న సీలు తియ్యని ప్యాకెట్, దాని మీద కోషర్ గుర్తు ఉండాలి, ఎక్కువగా కనపడేది సున్నాలో యూ అక్షరం ఉన్నది, మనం రోజూ కొనే బిస్కెట్ల మీద, నూనె సీసాల మీద కూడా ఉంటుంది, ఎప్పుడూ పట్టించుకోం అంతే. ఇంకోటి, షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా ఉండే వాళ్ళ విశ్రాంతి రోజు, మొదలయ్యాక చేతిలో సంచీతో దిగకండి, శుక్రవారం మధ్యాహ్నమే ఇచ్చేసి రండి. మొదలయ్యేది సూర్యాస్తమయానికి, దీపాలు మాత్రం సాధారణంగా 18 నిమిషాల ముందే వెలిగించేస్తారు.

ఈ సూర్యాస్తమయం సంగతి సరిగ్గా అర్థం చేసుకోకపోతే మీరు ప్రతి కార్యక్రమానికీ ఒకరోజు ఆలస్యంగా వెళ్తారు. వాళ్ళ రోజు సాయంత్రంతో మొదలవుతుంది. శనివారం పండగ అని రాసుంటే శుక్రవారం సాయంత్రమే మొదలైపోయినట్టు. మనకి తిథి ఎప్పుడు మొదలైందో ఎప్పుడు పోయిందో పంచాంగం చూసుకునే అలవాటుంది కాబట్టి మనకిది పెద్ద కష్టం కాదు. పైగా వాళ్ళ క్యాలెండర్ మన పంచాంగానికి చిన్నాన్న కొడుకులాంటిది. చాంద్రమాన నెలలు, అమావాస్య వెళ్ళాక నెల మొదలు, రుతువులు తప్పిపోకుండా మనకి అధికమాసం ఉన్నట్టే వాళ్ళకీ 19 ఏళ్ళలో 7 అధికమాసాలు. అందుకే చాలా ఏళ్ళు వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానా, మన దేవీ నవరాత్రులు ఒకేసారి మొదలవుతాయి, వాళ్ళ ఉపవాసం రోజు యోమ్ కిప్పూర్ పదో రోజు కాబట్టి మన విజయదశమి దగ్గర పడుతుంది. పోయినేడు 2025లో అయితే రెండూ అక్టోబర్ 2నే. ఈ ఏడు మాత్రం మనకి అధిక జ్యేష్ఠం వచ్చేసింది, వాళ్ళ అధికమాసం వచ్చే ఏడు పూరిమ్ అనే పండగకి ముందు వస్తుంది, అందుకని ఒక నెల తేడా పడింది. 2026 రోష్ హషానా సెప్టెంబర్ 11 శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది, అంటే మన వినాయకచవితికి మూడ్రోజుల ముందు. మళ్ళీ 2027 మార్చి 22కి సర్దుకుంటాయి, ఆరోజు మనకి హోళీ, ఆ రాత్రే వాళ్ళకి పూరిమ్, వాళ్ళూ వేషాలు వేసుకుని గోల చేస్తారు.

సరే, రాబోయే వాటిల్లో దేనికి వెళ్ళాలి, దేనికి వద్దు.

నా మాట వింటే మొట్టమొదటిసారి రోష్ హషానాకీ యోమ్ కిప్పూర్ కీ వెళ్ళకండి. అందరూ ఇదే చేస్తారు, పెద్ద పండగ కదా చూద్దామని. మన వైకుంఠ ఏకాదశికి గుడికి కొత్తవాడు వెళ్ళినట్టు ఉంటుంది. ఏడాదంతా రానివాళ్ళు కూడా ఆరోజు వస్తారు, చాలా చోట్ల సీట్లకి టికెట్లుంటాయి, సభ్యులు కానివాళ్ళు ముందే కొనుక్కోవాలి లేదా అడిగి పెట్టుకోవాలి, ప్రార్థన గంటలు గంటలు సాగుతుంది, యోమ్ కిప్పూర్ రోజైతే మంచినీళ్ళు కూడా ముట్టకుండా 25 గంటలు ఉపవాసముండి నీరసంగా ఉంటారు, మీకు ఏది ఏంటో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. అయినా శోఫార్ వినాలి, ఆ పొట్టేలు కొమ్ము ఊదడం ఒక్కసారి వినాలి అని ఉంటే ఒక కిటుకు. ఈసారి రోష్ హషానా మొదటిరోజు శనివారం పడింది, షబ్బాత్ రోజు ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ సినగాగ్ లలో (ఈ రకాల సంగతి కింద చెప్తా) శోఫార్ ఊదరు. కాబట్టి సెప్టెంబర్ 13 ఆదివారం వెళ్ళండి. రిఫార్మ్ వాళ్ళలో శనివారమే ఊదే చోట్లున్నాయి, ఒక ఈమెయిల్ పెట్టి కనుక్కుంటే సరి.

కొత్తవాళ్ళకి అన్నిటికన్నా బాగుండేది సుక్కోత్. తెలుగు బైబిల్లో పర్ణశాలల పండుగ అంటారే, అదే. సెప్టెంబర్ 25 సాయంత్రం మొదలై వారం రోజులు. ప్రతి ఇంటి పెరట్లో, సినగాగ్ ఆవరణలో పందిరి వేస్తారు, పైకప్పు కొమ్మలతో, ఆకులతో వెయ్యాలి, రాత్రిపూట సందుల్లోంచి చుక్కలు కనపడేలా పల్చగా. అచ్చం మన పెళ్ళి పందిరే, ఒక్క అరటిబోదెలు తక్కువ. ఆ వారం భోజనాలన్నీ అందులోనే, అతిథుల్ని పిలవడం ఆ పండగలో ఆచారం, కాబట్టి ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు. చేతిలో ఖర్జూరపు మొవ్వ, రెండు రకాల కొమ్మలు, ఎత్రోగ్ అని ఒక కాయ పట్టుకుని ఊపుతారు. ఆ ఎత్రోగ్ మొదటిసారి నా చేతికిచ్చినప్పుడు గోటితో గీరి వాసన చూడబోయా, ఇది మన మాదీఫలం కదా అని. పక్కింటావిడ గబుక్కున నా చెయ్యి పట్టేసుకుంది. ఆ కాయకి చిన్న గాటు పడ్డా పనికిరాదంట, పైన తొడిమలాంటి ముక్క విరిగినా అంతే, అందుకే పీచు చుట్టి పెట్టెలో పెట్టి పసిపిల్లని మోసినట్టు మోస్తారు. ఖరీదు కూడా మామూలుగా ఉండదు. సుక్కోత్ అయిపోయాక అక్టోబర్ 3 శనివారం చీకటి పడ్డాక సిమ్హత్ తోరా. ఏడాది పొడుగునా వారానికి కొంచెం చొప్పున చదువుకుంటూ వచ్చిన తోరా (బైబిల్ మొదటి ఐదు పుస్తకాలు) పారాయణం ఆరోజు పూర్తిచేసి, వెంటనే మళ్ళీ మొదటి వాక్యం నుంచి మొదలెడతారు, తోరా చుట్టల్ని భుజానెత్తుకుని గంటలకొద్దీ డాన్స్ చేస్తారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఇంతకన్నా మంచిరోజు లేదు, చాక్లెట్లు కూడా పంచుతారు.

హనుక్కా ఇంకా తేలిక. డిసెంబర్ 4 సాయంత్రం మొదటి దీపం, ఎనిమిది రాత్రులు. చాలా ఊళ్ళల్లో టౌన్ హాల్ ముందో మాల్ లోనో పెద్ద దీపస్తంభం వెలిగిస్తారు, బహిరంగమే, ఎవరైనా వెళ్ళి నిలబడొచ్చు, నూనెలో వేయించిన బంగాళదుంప అట్లు, జామ్ పెట్టిన బొండాల్లాంటి డోనట్లు తినిరావచ్చు.

పండగ కాని మామూలు రోజుల్లో అయితే శుక్రవారం సాయంత్రం ప్రార్థనతో మొదలెట్టండి, గంటలో అయిపోతుంది, పాటలెక్కువ. లెఖా దోదీ అని ఒక పాట ఉంటుంది, షబ్బాత్ ని పెళ్ళికూతురిలా ఆహ్వానించే పాట, చివరి చరణం రాగానే అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి గుమ్మం వైపు వంగుతారు. నాకు తెలీక నేనొక్కదాన్నే ముందుకి చూస్తూ నిలబడ్డా, ఎదురుగా వందమంది మొహాలు, ఎవరో పెద్దాయన నవ్వుతూ వేలితో తిరుగమ్మా అని సైగ చేశాడు.

వెళ్ళేముందు సినగాగ్ ఏ రకమో తెలుసుకోండి. ఆర్థడాక్స్ అయితే ఆడవాళ్ళు మగవాళ్ళు విడివిడిగా కూర్చుంటారు మధ్యలో అడ్డం ఉంటుంది, షబ్బాత్ రోజు ఫోన్ లేదు, కారు లేదు, కరెంటు స్విచ్ ముట్టుకోరు. మీరు యూదులు కాదు కాబట్టి మీరు కార్లో వస్తే తప్పేం కాదు, కానీ సరిగ్గా గుమ్మం ముందు ఆపకుండా పక్క వీధిలో పెట్టి నడిచి వెళ్తే మర్యాదగా ఉంటుంది. రిఫార్మ్ లో ఆడా మగా కలిసే కూర్చుంటారు, రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, ఆడవాళ్ళయినా అవ్వొచ్చు, గిటారూ మైకూ ఉండొచ్చు. కన్సర్వేటివ్ మధ్యలో ఎక్కడో. ఏ రకమైనా సరే షబ్బాత్ రోజు ఫోన్ బయటికి తియ్యకండి, ఫోటోలు అసలొద్దు.

ముందుగా ఈమెయిల్ పెట్టడం తప్పనిసరి. చెప్పాపెట్టకుండా గుడికి వెళ్ళినట్టు వెళ్ళిపోదాం అంటే కుదరదు, గేటు దగ్గర గార్డు ఉంటాడు, కొన్నిచోట్ల పోలీసు కారు కూడా ఉంటుంది. నాకు మొదటిసారి కోపం వచ్చింది, నా ముందు నలుగురు హాయ్ అని వెళ్ళిపోతే నన్ను మాత్రం ఆపి ఎవరు పిలిచారు, సంచీలో ఏముంది అని అడిగితే, ఓహో మన రంగు చూసి కాబోలు అనుకున్నా, వెనక్కి వచ్చేద్దామా అనిపించింది కూడా. తర్వాత పక్కింటావిడ చెప్తే తెలిసింది. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్ లో షబ్బాత్ పొద్దున ఒకడు సినగాగ్ లోకి తుపాకీతో వచ్చి 11 మందిని చంపేశాడు. 2022 జనవరి 15న డల్లాస్ దగ్గర కాలీవిల్ లో అయితే, చలికి ఎవరో వచ్చాడని రబ్బీ లోపలికి పిలిచి టీ ఇచ్చాడు, వాడే తుపాకీ తీసి నలుగుర్ని బందీలుగా పట్టుకున్నాడు, దేవుడి దయవల్ల అందరూ బతికి బయటపడ్డారు. కొత్త మొహాన్ని ఆపి అడగడం వెనక ఇంత ఉంది. అందుకని రెండు మూడు రోజుల ముందే ఆఫీసుకి రాయండి: పేరు, ఎంతమంది వస్తున్నారు, ఏ కార్యక్రమానికి, యూదులు కాదు కానీ ఫలానా వాళ్ళు పిలిచారు లేదా తెలుసుకోవాలని ఉంది అని. అంతే, నాలుగు లైన్లు చాలు. జవాబొచ్చాక ఐడీ జేబులో పెట్టుకుని, బ్యాక్‌ప్యాక్ లేకుండా వెళ్ళండి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం, మనవాళ్ళకి తట్టదు. కొత్త కారు కొని పూజ చేయించి బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేయించి ఉంటే ఆ కారు అక్కడ పెట్టకండి. మెళ్ళో స్వస్తిక్ లాకెట్, చీర అంచులో, గిఫ్ట్ కవర్ మీద కూడా చూసుకోండి. మన స్వస్తిక్ వేరు, దాని అర్థం వేరు అని మనకి తెలుసు, వాళ్ళలో చదువుకున్న చాలామందికీ తెలుసు, కానీ హిట్లర్ క్యాంపుల్లో తాతముత్తాతల్ని పోగొట్టుకున్న మనిషికి ఆ గుర్తు చూడగానే గుండె ఆగినంత పనవుతుంది, వివరణ తర్వాత సంగతి. ఆ గుమ్మం ముందు నిలబడి వాదించే విషయం కాదిది.

బట్టలంటే సాదాగా, నిండుగా. మగవాళ్ళకి ప్యాంటు చొక్కా, గుమ్మం దగ్గర బుట్టలో కిప్పాలు, అవే ఆ చిన్న టోపీలు, ఉంటాయి, ఒకటి తీసి నెత్తిన పెట్టుకోవాలి, యూదులు కాకపోయినా. మన గుళ్ళో చెప్పులు విప్పుతాం, ఇక్కడ బూట్లు ఉంచుకుని తల కప్పుకోవాలి, మావారు అలవాటు కొద్దీ గుమ్మం ముందు బూట్లు విప్పబోయి ఆగిపోయారు. ఆడవాళ్ళు చుడీదార్ వేసుకుంటే చాలా చోట్ల సరిపోతుంది, ఆర్థడాక్స్ అయితే పొడవు స్కర్టు మేలు. భుజాల మీద కప్పుకునే కుచ్చుల శాలువ మాత్రం మనం వేసుకోకూడదు, అది వాళ్ళది. షేక్ హ్యాండ్ విషయంలో తొందరపడకండి, ఆర్థడాక్స్ లో చాలామంది మగవాళ్ళు పరాయి ఆడవాళ్ళకి చెయ్యివ్వరు, ఆడవాళ్ళూ అంతే, మనకేముంది, నమస్కారం పెట్టేస్తే సరి. పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి, పేజీ నంబరు మధ్యమధ్యలో చెప్తుంటారు, అందరూ లేస్తే లేవండి కూర్చుంటే కూర్చోండి. పుస్తకం కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం కళ్ళకద్దుకుంటామే అలాగ. నేను ఒకసారి అలవాటుగా కళ్ళకద్దుకుంటే పక్కనున్న ముసలావిడ నా మోచెయ్యి నొక్కింది, ఏమీ అనలేదు.

హుండీ కోసం వెతక్కండి, షబ్బాత్ రోజు డబ్బు ముట్టుకోరు. ఇవ్వాలనిపిస్తే మామూలు రోజు ఆన్‌లైన్ లో పంపండి, 18 డాలర్లు, 36, 54 ఇలా. హీబ్రూలో అక్షరాలకి విలువలుంటాయి, ప్రాణం అనే మాటకి లెక్క 18 వస్తుంది. మనం 100 ఇవ్వకుండా 116 ఇచ్చినట్టే, 20 ఇచ్చేకన్నా 18 ఇస్తే ఆనందిస్తారు.

ఎవరింటికైనా షబ్బాత్ భోజనానికి వెళ్తే బాత్రూంలో లైటు ఆపకండి. ఇది నా రెండో పెద్ద తప్పు. చిన్నప్పటి నుంచి లైటు ఆపలేదని మా నాన్న చేత తిట్లు తిని పెరిగిన ప్రాణం, చేతులు కడుక్కుని వస్తూ టక్కున స్విచ్ నొక్కేశా. వాళ్ళు మళ్ళీ వెయ్యకూడదు, నన్ను వెయ్యమని నేరుగా అడగనూ కూడదు. ఆ ఇంట్లో ఎనిమిది మంది అతిథులు, శనివారం రాత్రి దాకా ఆ బాత్రూం చీకటే. నాకు ఆ సంగతి ఆదివారం తెలిసింది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. కోషర్ లో మాంసం, పాలు కలపరు కాబట్టి ప్రతి వంటకం మాంసమా, పాలా, లేక పార్వేనా అని చెప్తారు. పార్వే అంటే మాంసమూ కాదు పాలూ కాదు అని. మనవాళ్ళు దాన్ని వెజ్ అనుకుని తినేస్తారు. కాదు, చేపా గుడ్డూ కూడా పార్వే కిందికే వస్తాయి. హల్లా అని శుక్రవారం జడలా అల్లిన రొట్టె పెడతారు, అందులో సాధారణంగా గుడ్డుంటుంది. పిండి ఉండల సూప్ ఎక్కువగా కోడి రసంలో చేస్తారు. సందేహం ఉంటే ఆహ్వానించినప్పుడే చెప్పేయండి, వాళ్ళకి తిండి నియమాలున్న మనిషిని చూస్తే కోపం రాదు, ఇంకా ముచ్చటపడతారు. ఏప్రిల్ లో పస్కా (పాసోవర్) వారంలో మాత్రం గోధుమ, బార్లీ పిండి పులిసి పొంగినవేవీ ఉండవు, యూరప్ మూలాలున్న చాలామంది అన్నం పప్పు కూడా ముట్టరు.

ఇక క్లాసులు. నన్నడిగితే ప్రార్థన కన్నా క్లాసుకి వెళ్ళడం సుఖం. ఎప్పుడు లేవాలి ఎప్పుడు కూర్చోవాలి అన్న బెంగ ఉండదు, పైగా మాట్లాడొచ్చు. వాళ్ళ దగ్గర మతం మార్పిడి ఒత్తిడి ఉండదు, మారతానని ఎవరైనా వచ్చినా రబ్బీలు ముందు బాగా ఆలోచించుకో అని వెనక్కి పంపే సంప్రదాయం ఉంది, కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. అలాగే మనలో క్రైస్తవులుంటే అక్కడ యేసయ్య గురించి సాక్ష్యం చెప్పే ప్రయత్నం చెయ్యకండి, అది వాళ్ళని చాలా ఇబ్బంది పెడుతుంది.

ఎక్కువగా ఉండేది వారం వారం తోరా భాగం క్లాసు. తోరాని 54 భాగాలు చేశారు, ప్రపంచంలో ఏ సినగాగ్ కి వెళ్ళినా దాదాపు అదే వారం అదే భాగం నడుస్తుంటుంది. వెళ్ళేముందు సెఫారియా అనే సైట్ లో ఆ వారం భాగం చూసుకోండి, ఫ్రీ, ఇంగ్లీషు అనువాదం పక్కనే ఉంటుంది. తెలుగు బైబిల్ ఇంట్లో ఉన్నా సరే, మొదటి ఐదు పుస్తకాలే కదా. పోయినేడు సెప్టెంబర్ మొదట్లో నేను వెళ్ళిన క్లాసులో పన్నెండు మంది, అందరూ అరవై దాటినవాళ్ళే. ఆ వారం భాగంలో ఒక వాక్యం ఉంది, ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కడితే డాబా చుట్టూ పిట్టగోడ కట్టు, ఎవరైనా పడితే ఆ రక్తం నీ ఇంటి మీద ఉంటుంది అని. ఈ ఒక్క వాక్యం మీద ముప్పావుగంట. ఒకాయన స్విమ్మింగ్ పూల్ కి కంచె కూడా దీని కిందికే వస్తుందంటాడు, ఇంకొకావిడ పడేవాడు పడేవాడే కదా, గోడ కడితే తలరాత మారుతుందా అంటుంది, దానికి ఎప్పుడో వెయ్యేళ్ళ కిందటి వ్యాఖ్యానకర్త ఏమన్నాడో ఇంకొకాయన తీస్తాడు. అందరివీ ఏటవాలు కప్పుల ఇళ్ళు. నేను మెల్లగా అన్నా, మా ఊళ్ళో అన్నీ డాబాలే, ఎండాకాలం అందరం పైనే పడుకునేవాళ్ళం, వడియాలు పెట్టేవాళ్ళం, మా వీధిలో ఒకళ్ళు డబ్బుల్లేక పిట్టగోడ ఆపేశారు, సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తూ వాళ్ళబ్బాయి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి పడిపోయాడు, కాలు విరిగింది, ఊరంతా ఆ తండ్రిని పట్టుకుని గోడెందుకు కట్టలేదురా అనే తిట్టింది గానీ గాలిపటం ఎందుకు ఎగరేశావురా అని పిల్లాడిని ఒక్కళ్ళూ అనలేదు అని. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత క్లాసు చెప్పేఆయన, మూడువేల ఏళ్ళ వాక్యాన్ని ఇవాళ మొదటిసారి డాబా మీద పడుకున్న మనిషి నోట విన్నాం అన్నాడు. ఏమీ తెలీదు కదా అక్కడికెళ్ళి ఏం చేస్తాం అనుకునేవాళ్ళకి ఇది చెప్తున్నా. ఈ ఏడు అదే భాగం ఆగస్టు 22న వస్తుంది. శనివారం క్లాసైతే నోట్స్ రాసుకోకూడదు, పెన్ను తియ్యకండి, బుర్రలో పెట్టుకోవాల్సిందే.

రోజూ తాల్ముడ్ (వాళ్ళ ధర్మశాస్త్ర చర్చల పెద్ద గ్రంథం) ఒక పేజీ చదివే దఫ్ యోమీ అని ఉంది, 2711 పేజీలు, ఏడున్నరేళ్ళు పడుతుంది, ఇప్పుడు నడుస్తున్నది 2020 జనవరిలో మొదలైంది, 2027 జూన్ లో ముగుస్తుంది. పోయినసారి ముగింపు మన న్యూజెర్సీలోనే, మెట్‌లైఫ్ స్టేడియంలో, గడ్డకట్టే చలిలో 90 వేల మంది దాకా వచ్చారు. కొత్తవాళ్ళు దీంట్లోకి మధ్యలో దూరకండి, ఏమీ అర్థం కాదు, ముగింపు సభలకైతే సరదాగా వెళ్ళొచ్చు. హీబ్రూ అక్షరాల క్లాసులు ఫాల్ లో పెడుతుంటారు, 22 అక్షరాలే, మన గుణింతాలు నేర్చుకున్నవాళ్ళకి లెక్కే కాదు, అచ్చులు ఎక్కువగా కింద చుక్కలు గీతలుగా పెడతారు. ప్రార్థన వాతావరణమే వద్దనుకుంటే రట్గర్స్ లో బిల్డ్‌నర్ సెంటర్ వాళ్ళు ఉపన్యాసాలు పెడతారు, అందరూ వెళ్ళొచ్చు, యూదుల సినిమా పండగ కూడా చేస్తారు. వచ్చే ఏడు జూన్ 10 రాత్రి షావూత్ పండగ, ఆ రాత్రంతా నిద్రపోకుండా చదువుకుంటారు, మన శివరాత్రి జాగారం లాగే, కాకపోతే మనం ఉపవాసం, వాళ్ళకి చీజ్ కేకు.

క్లాసులయ్యాక ఎక్కడి నుంచి వచ్చావని అడుగుతారు. మాది పొన్నూరు. గుంటూరు బస్సులో చేబ్రోలు మీదుగా ఎన్ని వందలసార్లు వెళ్ళానో, చతుర్ముఖ బ్రహ్మ గుడి దాకా తెలుసు గానీ ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని నాకు హైలాండ్ పార్క్ లో ఒకావిడ చెప్పేదాకా తెలీదు, ఎంత సిగ్గేసిందో. బెనె ఎఫ్రయీమ్ అంటారు, ఎఫ్రయీము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటారు, ఒకప్పుడు చర్చికి వెళ్ళే కుటుంబాలే, 1980ల చివర్లో యూదు ఆచారాలు బహిరంగంగా పట్టారు, చిన్న సినగాగ్ కట్టుకున్నారు. ఇండియాలో ఉండి ఇవన్నీ చూడాలనుకునేవాళ్ళకి ఢిల్లీ హుమాయూన్ రోడ్డులో జూడా హయామ్ సినగాగ్ ఉంది, శుక్రవారం సాయంత్రం ప్రార్థనకి ఏ మతం వాళ్ళనైనా రానిస్తారని పేరు. కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్ ఇప్పుడు ఎక్కువగా టూరిస్టులకే, శనివారం వెళ్తే మూసి ఉంటుంది.

పలకరింపులు మూడు చాలు. శుక్ర శనివారాల్లో షబ్బాత్ షాలోమ్, పండగలకి హగ్ సమేయహ్, కొత్త సంవత్సరానికి షానా తోవా. యోమ్ కిప్పూర్ కి హ్యాపీ అని అనకండి, ఉపవాసం తేలిగ్గా గడవాలి అంటే బాగుంటుంది. ఇజ్రాయెల్ రాజకీయాలు మీరు ఎత్తకండి, వాళ్ళలో వాళ్ళకే పది అభిప్రాయాలు.

శనివారం చీకటి పడి మూడు చుక్కలు కనపడ్డాక హవ్దాలా అని చిన్న తంతు ఉంటుంది, పది నిమిషాలే, ఉండమంటే ఉండండి. అల్లిన కొవ్వొత్తి వెలిగించి, ఒక చిన్న వెండి డబ్బా అందరి చేతుల్లోకి తిప్పుతారు, షబ్బాత్ వెళ్ళిపోతోందన్న దిగులు పోవడానికి వాసన చూడాలి. నా చేతికొచ్చినప్పుడు చూస్తే లోపల లవంగాలు. పక్కింటావిడ వాటిని ఏడాదికొకసారి మార్చేది, ఇప్పుడు అయిపోగానే నా దగ్గరికొస్తుంది, కోయని పండు లాగే పొడి చెయ్యని లవంగాలకి కోషర్ పేచీ లేదట. ఈ సెప్టెంబర్ 27 ఆదివారం వాళ్ళ పందిట్లో భోజనానికి పిలిచింది, అరకిలో లవంగాలు, అరడజను దానిమ్మకాయలు పట్టుకెళ్తున్నా.